తప్పని ఒప్పుకునేదాకా

ఆ ఇంట్లో పొద్దున ప్రార్థన ముగియనిదే ఎవరూ గుక్కెడు కాఫీ అయినా తాగకూడదు. ముందురోజు తప్పు చేసినవాళ్ళు దాన్ని నోటితో ఒప్పుకోనిదే ప్రార్థన ముగియకూడదు. ఇది ఇంటి పెద్ద అయిన దర్జీ పెట్టిన చట్టం. పావంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పేసే మనిషి, ఇంట్లోవాళ్ళనీ అలాగే కొలిచేవాడు. కూతురు చాటుగా ఆయన్ని 'టేపు' అనేది. తల్లి నవ్వాపుకుంటూనే కసిరేది.

ఆ మంగళవారం కూడా తల్లి ఎప్పటిలాగే ఇన్సులిన్ సూది వేసుకుని వచ్చి మోకరించింది. పది నిమిషాల్లో ప్రార్థన అయిపోతుంది, వెంటనే తినొచ్చులే అనుకుంది.

"నిన్న చర్చిలో ప్రార్థన కూడికకి ఎందుకు రాలేదు?" అన్నాడు దర్జీ.

"సినిమాకెళ్ళాను," అంది కూతురు.

"తప్పని ఒప్పుకో."

"అనిపించనిది ఎలా ఒప్పుకోను నాన్నా?"

"అయితే అనిపించేదాకా అందరం ఇలాగే ఉందాం."

తండ్రీకూతుళ్ళిద్దరూ పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. గంట గడిచింది. తల్లికి చెమటలు పోశాయి, చేతులు వణికాయి. "ఏవండీ, ఏదైనా తినాలి," అంది. "ఇంకాసేపే, ఓర్చుకో," అన్నాడాయన. ఆమె లేవబోయి, కళ్ళు తిరిగి, కుట్టుమిషన్ మీదుగా నేలమీద పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ జరిగింది కానీ, ఇక తనంతట తాను నడవలేదని డాక్టరు తేల్చేశాడు.

నెల తిరిగేసరికి దర్జీ సగమైపోయాడు. కొట్టు మూశాడు. చర్చిలో సంఘపెద్ద పదవి వదిలేశాడు. రెండు రోజులకోసారి నాలుగు ముద్దలు తిని, గంటల తరబడి నేలమీద మోకరించి ఉండేవాడు. ఒక పొద్దున రొట్టె తెచ్చిన కూతురికి ఇక ఓపిక నశించింది.

"మీరు పస్తుంటే అమ్మ లేచి నడుస్తుందా?"

"నాకు శిక్ష పడాలి. తప్పుకి శిక్ష ఉండాలి కదా!"

"మరి నాకో? 'తప్పే నాన్నా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. పంతానికి పోయాను. అమ్మ వణుకుతుంటే చూస్తూనే ఉన్నాను." ఆమె రొట్టె పళ్ళెం నేలమీద పెట్టేసింది. "నేనూ తినడం మానెయ్యనా? ఇద్దరం కలిసి చద్దామా?"

దర్జీకి నిజంగానే బతకాలని లేదు. ఎంత ఏడ్చినా, ఎంత మాడినా ఆ గంట వెనక్కి రాదు.

"ఇద్దరూ ఇలా రండి," అని మంచం మీంచి తల్లి పిలిచింది. వచ్చాక భర్త వైపు చూసింది. "మిమ్మల్ని క్షమించానని ఆస్పత్రిలోనే చెప్పాను. వినపడలేదా?"

"వినపడింది. కానీ అంత తేలిగ్గా ఎలా తీసుకోను?"

"తేలిగ్గానా?" ఆమెకి కోపం వచ్చింది. "బాత్రూమ్‌కి నన్ను ఇంకొకరు మోసుకెళ్ళిన ప్రతిసారీ మీరు గుర్తొస్తారు. ప్రతిసారీ మళ్ళీ క్షమిస్తున్నాను. ఇచ్చే నాకు తేలిగ్గా లేదండీ. మీరు తీసుకోడమే లేదు."

"నేనేం చెయ్యాలో చెప్పు, చేస్తాను."

"ఏమీ చెయ్యక్కర్లేదు. సిలువ మీద ప్రభువు మోసింది చాలలేదా? మిగతాది మీరు మాడి పూర్తి చెయ్యాలా?"

శిక్ష వేసుంటే దర్జీ భరించేవాడు. ఏమీ చెయ్యక్కర్లేదన్న మాట దగ్గరే ఆయన కూలిపోయాడు. మంచం పట్టె మీద తల ఆనించి పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కూతురు ఆయన పక్కనే కూర్చుని భుజం పట్టుకుంది.

"అమ్మలూ, ఆ పొద్దున నిన్ను..."

"వద్దు నాన్నా. క్షమించమని నన్నూ అడగక్కర్లేదు."

కూతురు రొట్టె తుంచి నోటికందిస్తే, చాలాసేపటికి నోరు తెరిచాడు. నమిలాడు. మింగుడుపడక మళ్ళీ ఏడ్చాడు. భార్య నొప్పికి మూలిగితే, తండ్రీకూతుళ్ళు చెరోవైపు పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పారు. ఆమె కాలు కొయ్యలా ఉంది. అది ఇక అలాగే ఉంటుందని ముగ్గురికీ తెలుసు.

"నలభై ఏళ్ళుగా దేవుడి కృప గురించి పాటలు పాడానే," అన్నాడు దర్జీ, భార్య పాదం మీద చెయ్యి వేసి. "అది నాకూ కావాల్సొస్తుందని ఒక్కరోజు కూడా అనుకోలేదు."