పెయింటు ఆరేదాకా

ఊరి చివర, లారీలు మలుపు తిరిగే చోట, కార్లకి రంగులేసే పాత షెడ్డు ఒకటుంది. పగలు చూస్తే భయపడడానికి ఏమీ ఉండదు… రేకుల కప్పు, గేటు పక్కన అరిగిపోయిన టైర్ల గుట్ట, అంతే. దీపాలు పెట్టే వేళ దాటాక మాత్రం ఆ గేటు ముందు బండి ఆపి ఫోను మాట్లాడే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఎందుకని ఎవర్ని అడిగినా ఒకటే మాట — వెనక గదిలోంచి ఎవరో తలుపు కొడతారట.

మొదట మామూలుగానే కొడతారట, చుట్టం వచ్చి మన తలుపు తట్టినట్టు. తర్వాత తొందర తొందరగా… తర్వాత అరచేత్తో… ఆపైన గోళ్లతో. ఆ తర్వాత ఏమీ వినపడదు. ఆ ఏమీ వినపడకపోవడం దగ్గరే పైప్రాణాలు పైనే పోతాయంటారు విన్నవాళ్లు.

నేను వినలేదు, వినాలన్న సరదా కూడా లేదు. ఈ సంగతి చెప్పింది ఆ షెడ్డులో కార్ల సొట్టలకి లప్పం పెట్టే మనిషి. మామూలుగా వాడి మాట నీటి మీద రాత. కానీ ఇది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ చెప్పాడు.

ఆ గదిలో పోయింది, ఊళ్లో బండి మీద బట్టలు ఇస్త్రీ చేసే పెద్దమ్మ పెద్దకొడుకు. చెట్టంత మనిషి. కార్లకి ఆఖరి మెరుపు కోటు కొట్టే పెయింటరు. ఒకనాటి రాత్రి కోటు కొట్టడానికి గదిలోకి వెళ్లినవాడు నడిచి బయటికి రాలేదు. ఊపిరాడక పోయాడు.

షెడ్డు యజమానిని పనివాళ్లు చాటుగా అద్దం అనేవాళ్లు. రంగేసిన ప్రతి కారు మీదా వంగి మొహం చూసుకునేవాడు. మీసంలో ప్రతి వెంట్రుకా కనపడితే సరే, లేదంటే మొత్తం గీకించి మళ్లీ వేయించేవాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకోవచ్చు గానీ, ఈ పిచ్చికి మూల్యం చెల్లించేది వేరేవాళ్లు.

మెరుపు కోటు ఎప్పుడూ చీకటి పడి, రోడ్డు దుమ్ము అణిగాకే కొట్టాలి. కొడుతున్నంతసేపూ గాలి లాగే ఫ్యాను ఆపెయ్యాలి — అది తిరిగితే దుమ్ము రేగి తడి రంగు మీద వాలుతుంది. ఎవడో ఒకడు మర్చిపోయి తలుపు తీస్తాడు కాబట్టి బయట గడియ పెట్టాలి. మొహానికి గుడ్డ కట్టుకుంటే సరిపోతుంది, పెద్ద మాస్కు వద్దు… దాని కిందనుంచి చెమట చుక్క జారితే బానెట్టు మీద మచ్చ. కారుకి ఇన్ని జాగ్రత్తలు. లోపలున్న మనిషికి ఒక్కటీ లేదు.

శవం ఇంటికొచ్చిన రోజు అద్దమే ముందు నిలబడి అన్నీ జరిపించాడు. పెద్దమ్మ పక్కన చతికిలబడి మెల్లగా చెప్పాడు. ఆ రాత్రి తను షెడ్డులోనే లేడట. గడియ కూడా పెట్టలేదట. తోస్తే తెరుచుకునే తలుపు ఎదురుగా ఉండగా బయటికి రాలేకపోయాడంటే, ఉబ్బసం ముదరబెట్టుకుని దాచి ఉంటాడట. చెప్పాల్సింది చెప్పి, లేస్తూ లేస్తూ ఒక మాట విసిరి వెళ్లాడు.

"భార్యకి తెలియకుండా ఉంటుందా, పెద్దమ్మా?"

ఆ మాట పెద్దమ్మ గుండెలో ముల్లులా దిగింది. కొడుకూ కోడలూ వేరే గదిలో కాపురం ఉండేవాళ్లు. వాడి ఆయాసం సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తల్లికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది కొడుకేనని కోడలు మొత్తుకున్నా వినలేదు. తెలిసి తెలిసి నా బిడ్డని పనికి తోలింది, అనుకుంది. ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ఊదుతున్నప్పుడల్లా ఆవిడ కోరుకున్నది ఒక్కటే — ఆ కోడలు కూడా ఏదో ఒక రోజు అలాగే గాలి కోసం గిలగిల్లాడాలి. ఇది దాచాల్సిన కోరిక అని కూడా ఆవిడకి అనిపించలేదు.

కోడలూ అదే షెడ్డులో పని చేసేది. పాత రంగుని గరుకు కాగితంతో, నీళ్లతో రుద్ది నునుపు చేసే పని. ఆవిడ చెప్పేది వేరే ఉంది. వాడికి ఆ దగ్గు పట్టింది ఆ గదిలో చేరాకే. సెలవు రోజుల్లో పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు. పనికి వెళ్లొచ్చిన రాత్రి పిల్లికూతలు మొదలు. డాక్టరు సిగరెట్టు తాగుతావా అన్నాడు, దిండ్లు దులుపుతారా అన్నాడు, ఇంట్లో పిల్లీ కుక్కా ఉన్నాయా అన్నాడు. ఏం పని చేస్తావని మాత్రం అడగలేదు. పీల్చే మందు రాసి పంపాడు. కోడలు ఇవన్నీ ఎవరికి చెప్పినా అద్దం మాట ముందు ఆవిడ మాట నిలవలేదు. మొగుడు పోయినదాని మాటకి బరువు తక్కువ కదా.

పెద్దమ్మకి ఇంకో కొడుకున్నాడు, చిన్నోడు. అద్దమే పిలిచి వాడిని పనిలో పెట్టుకున్నాడు. ఎంత మంచి మనసో అని పెద్దమ్మ మురిసిపోయింది. ఇప్పుడు వాడిని పెయింటర్ని చేస్తానంటున్నాడు. అన్న నిలబడ్డ గదిలోనే, అన్న పట్టుకున్న రంగు కొట్టే గన్నుతోనే.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం కోడలు ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చి నిలబడింది. చిన్నోడిని ఆ గదిలోకి పంపొద్దంది. వాడికీ దగ్గు మొదలైందని చెప్పింది.

పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "ఒకణ్ణి మింగావు. రెండోవాడి నోట్లో మట్టి కొడదామని వచ్చావా?"

కోడలు ఏడవలేదు. "ఒక్క రాత్రి వచ్చి మీ కళ్లతో చూడండత్తయ్యా. చూశాక కూడా పంపాలనిపిస్తే పంపండి."

పెద్దమ్మ మర్నాడు చీకటి పడ్డాక చిన్నోడి క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్లింది. కోడలు అబద్ధం బయటపెడదామనే వెళ్లింది, ఇంకెందుకూ కాదు.

పనివాళ్లు అప్పటికే గబగబా ఇళ్లకి పోయారు, కోడలు మాత్రం అత్త కోసం ఆగింది. చీకటి పడ్డాక ఆ గది పక్కన ఎవరూ నిలబడటం లేదు. మరి ఆ తలుపు చప్పుళ్ల సంగతేంటని ఎవరైనా అడిగితే అద్దం రేకులు, గాలి అనేవాడు. అన్నాక మాత్రం తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునేవాడు.

చిన్నోడు గేటు దగ్గర టైర్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపల రంగు కలిపి వచ్చాడట. పలకరిస్తే మాట రాలేదు, చేత్తో ఆగమన్నాడు. పెద్దమ్మ వాడి వీపు మీద చెయ్యి వేసింది. చర్మం కింద సన్నగా ఏదో ఈల వేస్తోంది. ఆవిడ చెయ్యి చప్పున వెనక్కి తీసుకుంది.

గదిలో నల్ల కారు ఒకటి మెరుపు కోటు కోసం సిద్ధంగా ఉంది. తెల్లారేసరికి బయటికి వెళ్లాల్సిన కారు. గేటు దాకా వచ్చి, చిన్నోడి వాలకం చూసి అద్దం నవ్వాడు. తను కూడా ఒకప్పుడు పెయింటరేనన్నాడు. ఈ రాత్రికి తనే కొడతాడట, దెయ్యమేదైనా ఉంటే తన మీసం చూసి పారిపోతుందట, రేపటినుంచి మాత్రం చిన్నోడే. అలా అంటూనే ఫ్యాను మీట ఆపేశాడు. తలుపు గడియ పెట్టమని కోడలికి చెప్పి లోపలికి వెళ్లాడు.

పెద్దమ్మ చిన్నోడిని గేటు దగ్గరే ఉండమని, లోపలికొచ్చి గది ముందు గోడవార స్టూలు మీద కూర్చుంది. బల్బు వెలుతురు అంతంత మాత్రం. కోడలు తలుపు దగ్గర అటు తిరిగి నిలబడటం కనపడింది. చెయ్యి పైకెత్తింది… అలాగే కాసేపు ఉంది… తర్వాత వచ్చి దూరంగా కూర్చుంది.

లోపల గన్ను చప్పుడు మొదలైంది. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు… కారు పొడవునా వెళ్లి వస్తోంది.

తలుపు సందులోంచి వాసన వచ్చింది. తియ్యగా ఉంది, గొంతులోకి వెళ్లాక గీరుతోంది. పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బయట కూర్చున్నదాన్ని, నాకే ఇలా ఉంటే… అనుకుంది. ఆ తర్వాతి మాట అనుకోవడానికి భయపడింది.

గన్ను ఆగిపోయింది.

దగ్గు వినిపించింది. కాసేపు ఆగి మళ్లీ దగ్గు, ఈసారి పొడుగ్గా. ఏదో కిందపడి దొర్లింది. ఆ తర్వాత తలుపు చప్పుడు… మామూలుగానే, చుట్టం వచ్చి తట్టినట్టు.

"గడియ తియ్యి," అంది అద్దం గొంతు.

కోడలు ఒక్క ఉదుటున లేచి తలుపు దగ్గరికి పరిగెత్తింది. పిడి రెండు చేతులా పట్టుకుంది. ఒక కాలు గోడకి తన్నిపెట్టి, ఒళ్లంతా బిగించి వేలాడింది.

చప్పుళ్లు తొందర పడ్డాయి. తలుపు అదిరిపోతోంది… తెరుచుకోవడం లేదు.

పెద్దమ్మకి అంతా అర్థమైనట్టు అనిపించింది. తియ్యనివ్వకుండా పట్టుకుంది! నా కొడుకు ఎలా పోయాడో చూపిస్తానని పిలిచి, మనిషిని ఎలా చంపుతారో చూపిస్తోంది. ఇన్నాళ్లూ దీన్ని తిట్టుకున్నది ఊరికే కాదు. జుట్టు పట్టి ఈడ్చి పారేద్దామని పెద్దమ్మ లేచి అడుగు ముందుకేసింది.

అప్పుడు లోపల గొంతు మారింది. అది బయట ఉన్నవాళ్లతో మాట్లాడుతున్నట్టు లేదు.

"ఒరేయ్ పెయింటరూ… వదలరా…"

పెద్దమ్మ ఆగిపోయింది.

"నాకూ ఇలాగే పట్టేసేదిరా… అందుకే గన్ను వదిలేశాను… తెలిసే నిన్ను పెట్టాను… తప్పయిపోయింది…"

మాటకీ మాటకీ మధ్య గాలి కోసం లాగుడు. లోపల చిల్లుపడ్డ సన్నాయి ఊదుతున్నట్టుంది.

"గడియ నేనే పెట్టాను… నువ్వు కొడుతుంటే ఇక్కడే నిలబడ్డాను, విన్నాను… రంగు తడిగా ఉంది… ఆరాక తీద్దాంలే అనుకున్నాను… ఇంతలో పోతావనుకోలేదురా…"

పెద్దమ్మ చేతిలోంచి క్యారేజీ జారి పడింది. మూతలు దొర్లుకుంటూ తలుపు దాకా పోయాయి. చిన్నోడి ఉద్యోగం ఆ క్షణానే ఊడింది. ఇకమీదట వాడు ఈ గడప తొక్కితే కాళ్లు విరగ్గొట్టడానికి తల్లి సిద్ధంగా ఉంది.

రంగు తడిగా ఉందట. చెట్టంత కొడుకు, తను పాలిచ్చి పెంచిన కొడుకు, గోళ్లు అరిగేలా తలుపు గీరుతుంటే… ఇవతల మీసం దువ్వుకుంటూ రంగు ఆరడం కోసం చూశాడట. ఆ తర్వాత తన ఇంటికొచ్చి, తన పక్కన కూర్చుని, తన కోడలి మీద ఆ పాపం రుద్ది వెళ్లాడట. తను నమ్మింది. ఇన్నాళ్లూ తిట్టరాని తిట్లన్నీ ఈ పిల్లని తిట్టింది.

లోపల అరచేతి దెబ్బలు పడుతున్నాయి. అంతకంతకూ తగ్గుతున్నాయి.

పెద్దమ్మ వెళ్లి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. కొడుకు పోయాక ఆ పిల్లని ముట్టుకోవడం అదే మొదలు. వంగి చెవి దగ్గర చెప్పింది.

"తియ్యకు."

కోడలు తల తిప్పింది. మొహమంతా చెమట. తాడు లాగినట్టు ఆ పిడిని ఇంకా తన వైపుకే లాగుతోంది. అరచేతులు ఒరుసుకుపోయి నెత్తురు కారుతోంది.

"నేను పట్టుకోలేదత్తయ్యా… లాగుతున్నాను," అంది. "ఆయన పోయిన గది తలుపుకి గడియ పెట్టడానికి నాకు చేతులు రాలేదు… పెట్టనేలేదు… చూడండి."

పెద్దమ్మ చూసింది. గడియ కిందికి వేలాడుతోంది. బయటికి తెరుచుకునే తలుపు. లోపలినుంచి ఒక మగవాడు తోస్తున్నాడు, బయటినుంచి ఒక ఆడది లాగుతోంది… తలుపు వెంట్రుకవాసి కదలడం లేదు.

కోడలు పిడి వదిలేసి వెనక్కి వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది.

పెద్దమ్మ కదల్లేదు. లోపల గోళ్ల చప్పుడు మొదలైంది. ఆవిడ ఆ తలుపు ముందు, ఎవరూ లేని ఆ జాగాలోకి, ఎత్తుగా ఉన్న మనిషి మొహంలోకి చూసినట్టు తలెత్తి చూసింది.

"పెద్దోడా…" అంది మెల్లగా. "గట్టిగా పట్టుకో నాన్నా."