మూడో మైకు

ఆ అమ్మాయి మీద నాకు మొదట కలిగింది ప్రేమ కాదు, ఒళ్ళుమంట.

మా చర్చి క్వాయర్‌లో ఆరుగురు పాడతారు. వెనక గోడ దగ్గర బల్ల మీద మిక్సర్ పెట్టుకుని, వాళ్ళ గొంతుల్ని సమంగా కలిపి స్పీకర్లకి పంపడం నా పని. వారమంతా ఓ కొట్లో కూర్చుని పాడైన ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను, ఆదివారం ఇక్కడ ఊడిగం. ఇదివరకు అందరికీ కలిపి ఒక్కటే మైకు ఉండేది. ఈమధ్యే మనిషికొకటి వచ్చింది. మిక్సర్ మీద ఒక్కో మైకుకీ ఒక వరస పచ్చ లైట్లుంటాయి. మనిషి నోరు తెరిస్తే అవి గెంతుతాయి.

మూడో మైకు లైట్లు మాత్రం ఉలకవు, పలకవు.

మొదటి వారం వైరు మార్చాను. రెండో వారం మైకే మార్చాను. మూడో వారం మిక్సర్ విప్పి దుమ్ము దులిపాను. ఊహూ. జనం ఆంప్లిఫయర్లన్నీ బాగుచేసే మొనగాడికి దేవుడి మైకు ఒకటి లొంగకపోతే ఇంక పరువేముంటుంది?

నాలుగో వారం ప్రాక్టీసు అయ్యాక, అందరూ వెళ్తుంటే, కోపంగా దాని ముందు నిలబడి "హలో" అన్నాను. గోడలదిరిపోయాయి. మైకు నిక్షేపంగా ఉంది.

పక్కనే ఆ మైకు దగ్గర నిలబడే అమ్మాయి పాటల పుస్తకం సంచిలో పెట్టుకుంటోంది.

"ఏమండీ, పాడేటప్పుడు మీరు దీని స్విచ్ ఆపేస్తున్నారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి? నెల రోజులుగా ఇందులోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. ఇంతకీ మీరు పాడుతున్నారా, ఉపవాసం ఉంటున్నారా?"

నవ్వుతుందనుకున్నాను. ఆమె ముఖంలో నెత్తుటిచుక్క లేదు. గబగబా చుట్టూ చూసి, "మెల్లగా మాట్లాడండి," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. లోతుగా, బరువుగా ఉంది. బక్కపలచని మనిషిలోంచి ఆ గొంతు వస్తుందని ఎవరూ అనుకోరు.

బయట వాన మొదలైంది. ఇద్దరం వరండాలో చిక్కుకున్నాం. ఆమె దగ్గర గొడుగుంది, అయినా వెళ్ళలేదు.

"ఎవరికైనా చెప్తారా?"

"ఏమని?"

"నేను పాడనని. పెదాలు కదుపుతానంతే. రెండేళ్ళుగా."

రెండేళ్ళు నోరు తెరవకుండా క్వాయర్‌లో నిలబడాలంటే అదీ ఒక విద్యే.

ఆమెని చర్చిలో అందరూ పాటక్క చెల్లెలంటారు. వాళ్ళక్క గొంతెత్తితే పసిపిల్లలు ఏడుపు మానేవారట, అందుకే ఆవిడకి పాటక్కని పేరు. ఆవిడ పెళ్ళయి వెళ్ళిపోయాక, ఖాళీ అయిన చోట చెల్లెల్ని నిలబెట్టారు. ఒకే రక్తం, ఒకే గొంతు అనుకున్నారు పాపం.

"నాకు పన్నెండేళ్ళప్పుడు బడిలో ప్రార్థన పాట పాడుతుంటే టీచరు ఆపించింది," అంది. "వెనక మగపిల్లాడెవడు నిలబడ్డాడు అని అడిగింది. అందరూ నా వైపు చూసి నవ్వారు. ఇప్పటికీ ఎవరైనా పాడమంటే ఆ నవ్వులే వినిపిస్తాయి."

వాన తగ్గింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇచ్చాను గానీ, ఆ రోజునుంచి నా కళ్ళు మాత్రం నా మాట వినలేదు. మిగిలిన ఐదు మైకులూ గాలికి వదిలేసి మూడో దాని మీదే ఉండేవి.

మరుసటి ఆదివారం పిడుగు పడింది. పాస్టర్‌గారు పెద్ద నవ్వుతో ప్రకటన చేశారు. "వచ్చే ఆదివారం మన చర్చి వార్షికోత్సవం. పాటక్క పాడే పాట ఈసారి వాళ్ళ చెల్లెలు ఒంటరిగా పాడుతుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరసలో వాళ్ళమ్మగారు నవ్వుతూనే కళ్ళొత్తుకున్నారు. ఆమె మాత్రం కొయ్యబారిపోయింది.

ఆరాధన అయిన ఐదు నిమిషాలకి నా బల్ల ముందుంది.

"మా అక్క పాడిన పాత రికార్డింగులు మీ దగ్గర ఉన్నాయా?"

"ఉన్నాయి. ఎందుకు?"

"ఆ రోజు అది వేసెయ్యండి. నేను పెదాలు కదుపుతాను."

"దేవుడి ముందు ప్లేబ్యాకా!"

"నవ్వకండి. నాకు వేరే దారి లేదు. ప్రాక్టీసుకి రమ్మంటారనుకున్నాను. మీ ఇంటి పాటే కదా, ప్రాక్టీసెందుకన్నారు క్వాయర్ మాస్టారు."

"పాడలేనని చెప్పెయ్యొచ్చుగా?"

"అమ్మ ముఖం చూశారా? అక్క వెళ్ళాక అమ్మ అలా నవ్వడం ఇదే మొదటిసారి. పాడలేనంటే ఒక బాధ. రెండేళ్ళు మోసం చేశానంటే ఇంకో బాధ. ఆ తర్వాత నేనెవర్ని? పాటక్క చెల్లెల్ని కూడా కాను."

నిజం చెప్పొద్దూ, ఆ కళ్ళలో నీళ్ళు చూశాక బైబిల్లో ఉన్న ఆజ్ఞలన్నీ ఒక్కసారిగా మరిచిపోయాను. సరేనన్నాను. అన్నాక గుండెలో రాయి పడింది.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలి?" అంది.

"మా తాతయ్యకి చెవులు చూడండి చాలు."

అన్నట్టు చెప్పలేదు కదూ, ఆమె వినికిడి పరీక్షలు చేసే క్లినిక్‌లో పనిచేస్తుంది. మా తాతయ్య ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి. మనం అరిస్తే ఆయనకి గుసగుస, ఆయన గుసగుసలాడితే మనకి అరుపు.

బుధవారం తీసుకెళ్ళాను. తాతయ్యని అద్దాల కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. బయటినుంచి మాటలు చదువుతారు, ఆయన తిరిగి చెప్పాలి. ముందు పెద్ద మేడమ్ చదివారు. సన్నటి గొంతు. "బడి" అంటే తాతయ్య "గది" అన్నాడు. "తలుపు" అంటే "మెరుపు" అన్నాడు. పదికి నాలుగు వచ్చాయి.

"నువ్వు చదువు," అన్నారు మేడమ్ ఆమెతో. వేరే పది మాటలు, అంతే శబ్దం. తాతయ్య తొమ్మిది చెప్పాడు.

"ఎప్పుడూ ఇంతే," మేడమ్ నాతో అన్నారు. "వయసు మీద పడితే ముందు పోయేది సన్నటి శబ్దాలు. లోతైన గొంతు చాలామందికి బాగా అందుతుంది. మా ముసలి పేషెంట్లంతా ఈ అమ్మాయే కావాలంటారు."

గదిలోంచి తాతయ్య కేకేశాడు. "అమ్మాయ్! నువ్వు మన చర్చిలో పాడే పిల్లవేగా?"

ఆమె మైకు దగ్గరికి వంగి, "అవును తాతయ్యా," అంది.

"మరి నీ గొంతు నాకెప్పుడూ వినపడలేదేం? నాలుగేళ్ళయిందమ్మా నాకు పాట వినపడి. అందరూ లేస్తే లేస్తాను, కూర్చుంటే కూర్చుంటాను. పక్కవాడి పుస్తకంలో పేజీ చూసి ఇదే పాట కాబోలనుకుంటాను. ముందు వరసలో మేమందరం అంతే. దేవుడి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుంది."

ఆమె చేతిలో కాగితం పక్కన పెట్టేసి, లేచి గదిలోకి వెళ్ళి, ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసింది. తియ్యడానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపే అక్కడ నిలబడింది.

శనివారం మళ్ళీ వరండాలో దొరికింది. రెండు రోజులుగా నిద్ర లేనట్టున్నాయి కళ్ళు.

"చిన్నప్పటినుంచీ నాది ఒకటే ప్రార్థన," అంది. "ప్రభువా, నాకు అక్క గొంతివ్వు. ఇవ్వలేదని ఆయన మీద అలిగాను కూడా. చర్చికొచ్చి, అందరిలో నిలబడి, ఆయనతో మాత్రం మాట్లాడేదాన్ని కాదు."

"ఇప్పుడు?"

"మొన్న మోకరించి, ఎందుకిలా చేశావు నన్ను అని మొదటిసారి కోపంగా అడిగేశాను. అడిగాక తాతయ్య మాట గుర్తొచ్చింది. ఆయన చెయ్యి జారి నన్నిలా చెయ్యలేదేమో. ఎవరి కోసమో కొలిచి చేశాడేమో. నేనే వద్దని మూట కట్టి అటక మీద పడేశాను."

"అయితే రేపు పాడతారు!"

"ఏమో. ఇక్కడ కూర్చుని చెప్పడం తేలికే. అక్కడికెళ్ళాక కాళ్ళు వణికితే?" తల దించుకుంది. "రికార్డింగు సిద్ధంగా ఉంచండి. నేను తల ఊపితే వెయ్యండి."

ఆదివారం చర్చి కిటకిటలాడిపోయింది. నా వేలు బటన్ మీద ఉంది. కీబోర్డు వాయించే అన్న, వాళ్ళక్క పాడే పైస్వరంలోనే మొదలుపెట్టాడు. ఆమె నా వైపు చూసింది. తల ఊపలేదు, పాడనూ లేదు.

పాట ఎత్తుకోవాల్సిన చోటు దాటిపోయింది. కీబోర్డు అన్న మళ్ళీ మొదటికొచ్చాడు. క్వాయర్‌లో ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె మైకు స్టాండుని రెండు చేతులా పట్టుకుంది.

ఆ క్షణంలో నొక్కేద్దామనుకున్నాను. ఆమె అలా నలుగురిలో నలిగిపోవడం చూడలేకపోయాను. నొక్కితే గండం గట్టెక్కుతుంది. కానీ ఆమె తల ఊపలేదు. ప్రభువా, నా వేలు పట్టుకో అనుకున్నాను. నా బతుకులో అంత చిన్న ప్రార్థన ఇంకోటి లేదు.

"అన్నా, ఆపండి."

ఆ గొంతు స్పీకర్లలోంచి వచ్చేసరికి చర్చంతా తలెత్తింది.

"అందరికీ వందనాలు. రెండేళ్ళుగా నేనిక్కడ పాడలేదు. పెదాలు కదిపాను. మిమ్మల్ని మోసం చేశాను, క్షమించండి. అమ్మా, నువ్వు కూడా. మా అక్క గొంతు నాకు రాలేదు. దేవుడు నాకు వేరేది ఇచ్చాడు. అదే పాడతాను." కీబోర్డు వైపు తిరిగి, "కిందికి రండి అన్నా," అంది.

అన్న శ్రుతి దించాడు.

"ఇంకా కిందికి."

మొదటి లైను సగంలో గొంతు పగిలింది. ఆగింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. గొప్పగా పాడిందని అబద్ధం చెప్పను. రెండుచోట్ల శ్రుతి తప్పింది. కానీ ప్రతి మాటా కడిగి పెట్టినట్టు వినిపించింది. భయంలోంచి ఒక్కో అడుగూ బయటికి వస్తున్న మనిషి ఆ గొంతులో కనిపించింది.

ముందు వరసలో మా తాతయ్య నిటారుగా కూర్చున్నాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు, తర్వాత అక్కర్లేదని తీసేశాడు. రెండో చరణానికి ఆయన కూడా అందుకున్నాడు. ఆయన పక్కనున్న ముసలావిడా, ఆ పక్కాయనా అందుకున్నారు. అందరూ ఆమెకి ఒక మాట వెనకే ఉన్నారు. ఎవరూ ఆపలేదు.

ఆరాధన అయ్యాక వాళ్ళమ్మగారు తిన్నగా ఆమె దగ్గరికొచ్చారు. దెబ్బలాడతారనుకున్నాను. ఆవిడ కూతురి భుజాలు పట్టుకుని, "ఇంత గొంతు లోపల పెట్టుకుని నాకొక్క లాలిపాట కూడా వినిపించలేదేమే?" అంటూ ఏడ్చేశారు. మోసం సంగతి ఇంటికెళ్ళాక తేలుస్తానన్నారు గానీ, చెయ్యి మాత్రం వదల్లేదు.

నేను వైర్లు చుట్టుకుంటుంటే ఆమె వచ్చింది.

"నొక్కబోయారు కదూ?"

"నొక్కబోయాను. మిమ్మల్ని అలా చూడలేక."

"నొక్కనందుకు థాంక్స్."

వైరు చుట్టడం ఆపాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"మీరు నాకిష్టం. ఇవాళ పాడారని కాదు. పాడని రోజులనుంచే. అసలు మీరు జన్మలో పాడకపోయినా సరే."

ఆమె నన్ను పరీక్షగా చూసింది. "పాడని మనిషిలో ఏముందని?"

"మొన్న క్లినిక్‌లో తాతయ్య ఒకే ప్రశ్న నాలుగుసార్లడిగాడు. నాలుగోసారి కూడా మొదటిసారి అడిగినట్టే జవాబు చెప్పారు. నాకైతే రెండోసారికే విసుగొస్తుంది."

ఆమె నా చేతిలో వైరు కొస అందుకుని చుట్టడం మొదలుపెట్టింది. తర్వాత మెల్లగా అంది. "పోయిన వారం ఈ మాటంటే నమ్మేదాన్ని కాదు. ఎవరినో చూసి నన్నంటున్నారనుకునేదాన్ని."

"మరిప్పుడు?"

"ఇప్పుడు నమ్మగలను. నన్నే అంటున్నారని తెలుస్తోంది."

ఇంకేదో చెప్పబోయింది. ఇంతలో గుమ్మం దగ్గర నిలబడి మమ్మల్నే గమనిస్తున్న మా తాతయ్య తనకి తోచిన గుసగుసతో, చర్చి చర్చంతా అదిరేలా, "ఒరేయ్! అమ్మాయి ఒప్పుకుందా?" అన్నాడు.

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పాస్టర్‌గారు తిరిగి చూశారు. వాళ్ళమ్మగారు చూశారు. భూమి చీలితే అందులో దూరిపోదామని నేను చూశాను, చీలలేదు.

ఆమె చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒకసారి చూసింది. తర్వాత గుండెలనిండా గాలి పీల్చుకుని, మైకు లేకుండా, తన గొంతు ఎంత ఉందో అంతా ఎత్తి జవాబిచ్చింది.

"ఒప్పుకున్నాను తాతయ్యా!"

తాతయ్యకి ఒక్కసారికే వినపడింది.