ఎనిమిదో గొంతు

రాజమండ్రిలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ముప్ఫయ్యేళ్ళు నెట్టుకొచ్చినవాణ్ణి. పరిశోధన విద్యార్థులకి నా పేరు చెబితే గుండెల్లో రాయి పడుతుంది. జానపదం మీద పరిశోధనంటే ఫ్యాను కింద కూర్చుని రాసేది కాదు, పాకలోకి వెళ్ళి, వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళ నోట విని రాయాలంటాను. అలా మాట్లాడించినవాళ్ళు ఎనిమిది మందికి ఒక్కరు తగ్గినా గ్రంథం మీద సంతకం పెట్టను. జగన్నాథరావు మాస్టారి చాదస్తం అని వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

హారతి ఒక్కతే నవ్వేది కాదు. వేటకెళ్ళి తిరిగిరాని జాలర్ల భార్యల మీద దాని సిద్ధాంతగ్రంథం. అందులో ఎనిమిదో మనిషి సూరమ్మ. డెబ్భై ఏళ్ళు. మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున పాలెం. "మనిషి పోయాడని ఎవరూ చెప్పలేదు, వచ్చాడనీ చెప్పలేదు. నేను బొట్టు తియ్యాలా, ఉంచుకోవాలా?" అని ఆవిడ అడిగిన చోట నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ మాట నాలుగు సభల్లో చదివాను. ఒకచోట శాలువా కూడా కప్పారు. ఆడియో వినిపించమని మాత్రం హారతిని ఒక్కసారీ అడగలేదు. కన్నబిడ్డలా చూసుకున్న పిల్ల, అబద్ధం రాస్తుందని ఎలా అనుకుంటాను?

మౌఖిక పరీక్ష వారం ఉందనగా, పరీక్షకుడు ప్రసన్నకుమార్ గారు సూరమ్మ ఆడియో పంపమన్నారు. హారతికి ఫోన్ చేస్తే ఎత్తదు. ఒళ్ళు మండి మర్నాడు పొద్దున్నే నరసాపురం బస్సెక్కాను. ఆ ఆడియో పోయుంటే నేనే మళ్ళీ రికార్డు చేసుకొద్దామని.

పాలెం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ముసురు పట్టింది. ఎండుచేపలు మూటకడుతున్న లోవలక్ష్మి అనే ఆవిడని అడిగాను. ఉన్నవి అరవై గడపలండి, సూరమ్మన్న పేరే లేదండి, మీ అమ్మాయి వచ్చింది నిజమే, ఏడుగురితో మాట్లాడి వెళ్ళిపోయిందండి అంది.

అక్కణ్ణించే మళ్ళీ చేస్తే హారతి ఫోనెత్తింది. ఏడుస్తూ చెప్పింది. ఎనిమిదో మనిషి దొరకలేదట. ఏడుగురి మాటలూ ఏఐకి ఇచ్చి, ఇలాంటి ఇంకొకామె ఏం చెబుతుందో రాయమందట. పేరూ, వయసూ, ఆ బొట్టు మాటా అన్నీ అదే రాసిచ్చిందట.

"ఎనిమిది లేకపోతే సంతకం పెట్టరు కదా సార్..." అంది.

ఫోన్ పెట్టేశాను. మిషను రాసిన మాటకి నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నమ్మినందుకు ఆ పిల్ల నన్ను నడివీధిలో నిలబెట్టింది. నిజం బయటపెడితే దాని డిగ్రీ పోతుంది, నా ముప్ఫయ్యేళ్ళ పరువూ పోతుంది. పోతే పోనీ, రాసెయ్యాలి అనుకున్నాను.

వాన పెద్దదైంది. ఒడ్డున ఖాళీ పాక కనిపిస్తే దూరాను. లోపల పగలే చీకటి. తడిసిన వలలు, ఉప్పు, మురిగిన రొయ్యపొట్టు వాసన. తాటాకుల మీద వాన చప్పుడు, దాని వెనక సముద్రం హోరు. తిరగేసిన బుట్ట మీద కూర్చుని ప్రసన్నకుమార్ గారికి మెయిల్ మొదలుపెట్టాను. సూరమ్మ అనే మనిషి లేదు, ఆ అధ్యాయం వెనక్కి తీసుకుంటున్నాం అని టైపు చేశాను.

వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

గాలి అనుకున్నాను. పసుపు వాసన వచ్చింది... అంత కంపులోనూ పచ్చి పసుపు వాసన. గాజులు కదిలాయి. సరిగ్గా నా వీపు వెనకే... ఎవరో చతికిలబడ్డారు.

"లేనని రాస్తున్నారాండి?"

చాలా మెల్లగా. ముసలి గొంతు. మెడ తిప్పుదామంటే తిరగలేదు.

"ఎవరమ్మా నువ్వు?"

"మీరే చెప్పాలండి. నలుగురిలో నా మాట చెప్పుకున్నారు కదండి."

ఆ ఊపిరి మెడకి తగులుతోంది... చల్లగా.

"అయితే బొట్టు... తీసెయ్యమంటారా?"

హారతి మీద కోపమో, భయమో నాకే తెలియదు. పంపే చోట నొక్కేశాను. వెనక గాజులు పగలడం మొదలైంది. ఒకటి... ఇంకొకటి... తర్వాత ఏమీ లేదు. వానలో పడి పరిగెత్తాను.

నరసాపురం బస్టాండులో లైట్లు వెలిగే వేళకి ప్రసన్నకుమార్ గారు ఫోన్ చేశారు. గొంతులో కోపం. మీ మెయిల్‌కి అయిదు నిమిషాల ముందే మీ దగ్గర్నుంచే ఆడియో వచ్చిందండి, నలభై నిమిషాలూ విన్నాను, అలాంటి మనిషిని లేదని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయండి అన్నారు. నేను పంపలేదన్నాను. ఆయన నమ్మలేదు. ప్రశ్నలడుగుతున్న గొంతు మీదేగా అన్నారు.

నా ఫోన్‌లో వెతికాను. ఉంది. పోయిన ఫిబ్రవరి తేదీతో. ఆ పాలెంలో నేను అడుగుపెట్టింది ఇవాళే. చెవికి ఆనించుకుని చివరి నిమిషం విన్నాను. ఆవిడ ఏడుస్తోంది. నేను ఊరుకోబెడుతున్నాను. నా గొంతే. అనుమానం లేదు.

"నువ్వు లేవని ఎవరన్నా నేనొప్పుకోనమ్మా," అంటున్నాను. "నేనున్నాను కదా."