ఆపరేషన్ పీయూషం

రీసెర్చ్ సెంటర్ నాలుగో అంతస్తు నుంచి ఫార్మసిస్టు కింద పడ్డప్పుడు ఉదయం తొమ్మిది దాటింది. కాలు జారిందన్నారు. కాలు జారినవాడి మెడ మీద వేళ్ల అచ్చులుండవు.

పడటానికి పది నిమిషాల ముందు అతను తను సమాచారమిస్తున్న నిఘా బ్యూరోకి ఒక మెసేజ్ పంపాడు. "రేపు సీసాలు మారుస్తారు. లోపలున్న మన మనిషిని నమ్మకండి."

మధ్యాహ్నానికల్లా చీఫ్ తలుపులు వేయించాడు. ఎదురుగా ఒక్కడే ఏజెంట్.

"కూర్చో నత్తా."

మూడేళ్ల క్రితం ఓ మిషన్‌లో కారు పేలి నత్త తలకి దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది కానీ మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి చచ్చిపోయింది. అది లేని ఒళ్లు చిన్న దెబ్బకీ, మామూలు జ్వరానికీ కూడా తట్టుకోలేదు. తట్టుకునే హార్మోన్‌ని మాత్రల్లో మింగాలి, రోజూ మూడు పూటలా. ఒకప్పుడు గోడలు దూకినవాడు గోడ పట్టుకుని మెట్లెక్కుతుంటే బ్యూరోలో తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్లలో ఇద్దరు డ్యూటీలో పోయారు. నత్త ఇంకా ఉన్నాడు.

"ఆపరేషన్ పీయూషం," అన్నాడు చీఫ్. "నీ జబ్బుకే కొత్త మందు. నెలకి ఒక్క ఇంజెక్షన్ చాలు, మాత్రలక్కర్లేదు. ఇరవై నాలుగుమంది వాలంటీర్లు. రేపు పదకొండింటికి మొదటి డోసు. ఫార్ములా కోసం ఓ విదేశీ ముఠా మందు కనిపెట్టిన డాక్టరమ్మని అడిగింది. ఆవిడ ససేమిరా అంది. అందుకని మందు తీసేసి ఉప్పునీళ్లు పెడతారు."

"వాలంటీర్లు మాత్రలు మానేసి ఇంటికెళ్తారు. రెండ్రోజుల్లో ఒక్కొక్కరూ..."

"అదే. ట్రయల్ మూతపడుతుంది. డాక్టరమ్మ జైలుకెళ్తుంది. పనికిరాదని అందరూ చెత్తబుట్టలో పారేసిన ఫార్ములాని వాళ్లు ఏరుకుంటారు."

"ట్రయల్ ఆపేస్తే పోయె కదా సార్?"

"ఇక్కడ ఆపితే ఇంకోచోట మొదలెడతారు. రెడ్‌హ్యాండెడ్‌గా దొరకాలి."

"మారువేషం?"

"నీకెందుకయ్యా? నువ్వు నిజంగానే రోగివి. ఇరవై నాలుగో వాలంటీర్‌వి."

"ఇన్నాళ్లకి నా రోగానికి ఉద్యోగం దొరికిందన్నమాట."

చీఫ్ ఒక పెన్ను ముందుకు తోశాడు. "దీని ముల్లు కొత్త మందులోనైనా, పాత హార్మోన్‌లోనైనా ముంచితే నీలంగా మారుతుంది. లోపల మన ఏజెంట్ కాటుక ఉంది, ట్రయల్ కోఆర్డినేటర్‌గా. రెండేళ్ల క్రితం ముఠాలోకి పంపింది మనమే. ఇప్పుడు ఎవరి మనిషో నాకు తెలీదు. ఇంకోటి, రూలు ప్రకారం ఈ సాయంత్రం నుంచి నువ్వూ మాత్రలు ఆపాలి. రక్తపరీక్షలో పట్టేస్తారు."

మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం అక్క ఫోన్ చేసింది. "మాత్ర వేసుకున్నావా రా?"

"వేసుకున్నానక్కా," అన్నాడు నత్త. అప్పటికే కాళ్లు తేలిపోతున్నాయి.

వార్డులో ఇరవై నాలుగు కుర్చీలు. బరువు చూసే మిషన్ పక్కన కాటుక నిలబడి ఉంది. ఆ గదిలో అందరి కళ్లూ ఆమె మీదే. పట్టుచీర కాదు, నగలు కాదు, మామూలు తెల్లకోటులోనే అంత అందం.

"బరువు ఎంత?" అంది.

"నిన్నటికంటే ఒక ఉత్తరం తక్కువ," అన్నాడు. అది కోడ్.

"ఉత్తరం దారిలో ఉంది."

సరైన జవాబే. ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది.

అప్పుడే నత్త ఆమె మొహం దగ్గరగా చూశాడు. కనుబొమ్మలు పెన్సిల్‌తో గీసినవి. పౌడర్ కింద చర్మం కాగితంలా పాలిపోయి ఉంది. రోజూ అద్దంలో చూసుకునే పాలిపోవడం అతనికి తెలీకుండా ఉంటుందా?

"నీక్కూడానా?" అన్నాడు మెల్లగా. "ఎన్నాళ్లయింది?"

ఆమె పెన్ను ఆగింది. "నాలుగేళ్లు. కాన్పులో రక్తం అంతా పోయింది, దాంతో గ్రంథీ పోయింది. పాప ఒక్కరోజు బతికింది. పట్టడానికి నాకు పాలు కూడా రాలేదు." మళ్లీ గొంతు పెంచి, "నెక్స్ట్!" అంది.

పదింపావుకి నత్త బాత్రూమ్‌కని చెప్పి కింది అంతస్తు కోల్డ్ రూమ్‌లోకి దూరాడు. మొదటి సీసా మూతలోంచి పెన్ను ముల్లు గుచ్చాడు. రంగు మారలేదు. రెండోది. మారలేదు. పక్కనే వాలంటీర్లు ఇంటికి తీసుకెళ్లే ఎమర్జెన్సీ కిట్లు. ప్రాణం మీదికొస్తే పొడుచుకోవాల్సిన హార్మోన్ ఆంప్యూల్, చిన్న గాజుగొట్టం. ఒకటి విరిచి ముల్లు ముంచాడు. అందులోనూ నీళ్లే.

"మూడోది కూడా చూడండి, తృప్తిగా ఉంటుంది," అన్నారెవరో వెనక నుంచి.

ట్రయల్ సక్రమంగా జరుగుతోందో లేదో చూడటానికొచ్చిన ఇన్‌స్పెక్టర్. బూడిదరంగు సూటు. నత్త తిరిగేలోపే పిస్తోలు పిడి కణత మీద పడింది. తలుపు బయటినుంచి మూసుకుంది.

మామూలు మనిషైతే లేచేవాడు. నత్త ఒంట్లో లేవడానికి కావల్సిందే లేదు. వాంతి అయింది. చెమట చల్లగా కారింది. గోడలు దూరంగా జరిగిపోయాయి.

ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. కాటుక మోకాళ్ల మీద కూలబడి, తన హ్యాండ్‌బ్యాగులోంచి ఆంప్యూల్ తీసి విరిచింది. సిరంజిలోకి లాగి, ప్యాంటు మీదనుంచే తొడలోకి పొడిచింది.

"అది నీది," అన్నాడు నత్త.

"మాట్లాడకు. ఒంటికి పట్టడానికి కాసేపు పడుతుంది."

అతనికి ఒళ్లు వెచ్చబడేదాకా ఆమే మాట్లాడింది. "గ్రంథిని మళ్లీ మొలిపించే మందు తమ దగ్గరుందన్నారు. మళ్లీ తల్లివవుతావన్నారు. నమ్మాను. మునిగేవాడికి గడ్డిపోచ కూడా దుంగలాగే కనిపిస్తుంది. ఫార్మసిస్టు గారికి అనుమానం వచ్చిందని చెప్పింది నేనే. బదిలీ చేయిస్తారనుకున్నా. ఆయన రోజూ నాకు సగం టీ పోసిచ్చేవాడు తెలుసా?"

"అలాంటి మందు లేదు కాటుకా."

"నిన్న తెలిసింది. ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే." ఆమె కళ్లు తుడుచుకుంది. ఒక కనుబొమ్మ చెరిగిపోయింది. "అసలు సీసాలు పారేయమన్నారు. చేతులు రాలేదు. పక్క గదిలో రక్తం దాచే ఫ్రిజ్, కింది అర. ఎమర్జెన్సీ ఆంప్యూల్స్ మాత్రం నా కళ్లముందే ఆ ఇన్‌స్పెక్టర్ సింకులో పోసేశాడు. పద, టైమవుతోంది."

పదకొండుకి నాలుగు నిమిషాలు. కారిడార్ చివర బూడిద సూటు. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

కాటుక నత్తని మెట్ల వైపు ఒక్క తోపు తోసింది. చప్పుడు దగ్గినట్టుగా వచ్చింది. ఆమె పొట్ట పట్టుకుని వంగింది, వంగినదే వాడి కాళ్లకి చుట్టుకుపోయింది. "పరిగెత్తు!"

నత్త పరిగెత్తాడు. మూడేళ్ల తర్వాత, ఆమె ఇచ్చిన బలంతో, ఇరవై రెండు మెట్లు.

వార్డులో మొదటి కుర్చీలో ఒక ముసలావిడ. డాక్టరమ్మ చేతిలో సూది ఆవిడ చర్మాన్ని తాకింది.

"ఆపండి! అది మందు కాదు!"

సూది ఆగింది. రంగు మారని పెన్ను చూపిస్తూ నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"నాయనా, ఆ కేకకే నా ప్రాణం సగం పోయింది," అంది ముసలావిడ.

సెక్యూరిటీ వాళ్లు దిగేసరికి బూడిద సూటు ఇంకా కారిడార్‌లోనే ఉన్నాడు. ఆమె చేతులు విడిపించుకోలేకపోయాడు. ఎదురు భవనంలోని ఎమర్జెన్సీ నుంచి నర్సు ఆంప్యూల్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ సిరంజి నింపింది. ఎక్కిద్దామని చెయ్యి పట్టుకునేసరికే కాటుక నాడి ఆగిపోయింది.

"తూటాకి కాసేపు తట్టుకునేదే," అంది చివరికి. "తట్టుకునేది ఒంట్లో లేదు."

వారం తర్వాత అసలు మందుతో ట్రయల్ మొదలైంది. ముసలావిడకే మొదటి డోసు. ముఠాలో ఆరుగురు దొరికారు. రిపోర్టులో 'ఎవరి మనిషి' అన్న గడి ఖాళీగా ఉందని చీఫ్ రెండుసార్లు తిప్పి పంపాడు. నత్త రెండుసార్లూ అలాగే తిరిగి ఇచ్చాడు.

ఆమె వస్తువులు అప్పగించడానికి నత్తే వెళ్లాడు. భర్త గడియారాలు బాగుచేస్తాడు. బల్ల మీద విప్పిన చక్రాలు అలాగే ఉన్నాయి. మూలన ఎవరూ పడుకోని చిన్న ఉయ్యాల, దాంట్లో మడతపెట్టిన బట్టలు.

"కూర్చోండి," అన్నాడాయన. వస్తువులు అందుకుని, "మా ఆవిడ అక్కడ ఏం పని చేసేదండీ? ఎన్నిసార్లడిగినా ఫైళ్ల పనే అనేది. మీరైనా చెప్పండి," అన్నాడు.

నత్త దగ్గర ఇలాంటప్పటికని ఆఫీసు ఇచ్చిన వాక్యం ఒకటి సిద్ధంగా ఉంది. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"రోగుల్ని చూసుకునేదండీ," అన్నాడు. "ఇరవై నలుగురిని."

ఇరవయ్యేళ్ల సర్వీసులో నత్త చాలా అబద్ధాలు చెప్పాడు. అన్నీ చక్కగా అతికాయి. ఈ ఒక్క నిజం చెప్పేటప్పుడే గొంతు తడబడి, దొరికిపోయేలా ఉన్నాడు.