డెల్ రూజెక్ ఐదో ఆట

"పదకొండేళ్లు వెతికానండీ! చేతికొచ్చి వారం తిరక్కముందే పోయింది!"

సిన్సినాటిలోని డిటెక్టివ్ ఐడా బ్రెన్నెకె ఆఫీసులో అడుగు పెడుతూనే వర్జిల్ టారో టోపీ తీసి బల్లకేసి కొట్టాడు. ఆయన రిటైరైన పోస్ట్‌మాన్. పాత బేస్‌బాల్ టిక్కెట్లంటే పిచ్చి, అవీ ఒక్క ఆటగాడి ఆటలవే. ముప్పై ఆరేళ్ల కిందట, 1949లో, డెల్ రూజెక్ ఐదంటే ఐదు ఆటలాడాడు. ఐదో ఆటలో బంతిని స్టేడియం గోడ దాటించాడు. మర్నాడే భుజం విరిగి ఇంటిదారి పట్టాడు.

శనివారం పాత టిక్కెట్లు సేకరించేవాళ్ల క్లబ్బులో వర్జిల్ తన ఆల్బం అందరికీ చూపించాడు. కాఫీ తాగి వచ్చేసరికి ఐదో ఆట టిక్కెట్టు ముక్క లేదు. ఆ గదిలో ఉండిపోయింది ఇద్దరే: పాత టిక్కెట్ల దుకాణం నడిపే మర్విన్, క్లబ్బు ప్రెసిడెంటు హోబర్ట్ లింగ్.

"మిగతావి?" అంది ఐడా.

"ఉన్నాయి. మొదటి ఆటది డెల్ సంతకంతో సహా ఉంది. అన్నిట్లోకీ ఖరీదైంది అదే!"

అసిస్టెంట్ క్లైడ్ మూడు రోజులు మర్విన్ వెంట తిరిగాడు. దుకాణం గాలించాడు, చెత్తబుట్ట కూడా వదల్లేదు. దొరికింది శూన్యం.

"నేను దొంగనైతే సంతకమున్నది వదుల్తానా? నాకేం మతిపోయిందా?" అని మర్విన్ ఎగిరిపడ్డాడు.

హోబర్ట్ మర్యాదగా మాట్లాడాడు. తన ఇంటి గోడమీద అద్దం కట్టించిన ఐదో ఆట టిక్కెట్టు చూపించి, "ఆ ఆటకి నేనున్నాగా! పదేళ్లవాణ్ణి. నాన్న పక్కన, ఆరో వరుస, తొమ్మిదో సీటు. బంతి నా తలమీంచే పోయింది," అన్నాడు.

ఐడా ఆ అంకెలు రాసుకుంది. క్లైడ్‌కి ఒళ్లు మండింది. దొంగని పట్టమంటే ఈవిడ సీట్లు లెక్కపెడుతోందేమిటి?

మరుసటి శనివారం ఐడా అందరినీ క్లబ్బులో కూర్చోబెట్టింది.

"అమ్ముకునేవాడైతే సంతకమున్నది తీసుకుంటాడు. అంటే ఆ ఒక్క టిక్కెట్టూ కనపడకూడదని ఎవరికో ఉంది. వర్జిల్ గారికి దాన్ని అమ్మిన ముసలాయన ఉత్తరం ఇది, వినండి: 'ఆరో వరుస, తొమ్మిదో సీటు. గేటు దగ్గర ఒక తాగుబోతు దగ్గర కొన్నాను. పక్కన అతని కొడుకు ఏడుస్తున్నాడు.' ఒకే ఆటకి, ఒకే సీటుకి రెండు టిక్కెట్లు ఉండవు. మీ గోడమీదది దొంగ టిక్కెట్టు, హోబర్ట్ గారూ."

హోబర్ట్ పర్సులోంచి ముక్క తీశాడు.

"ఆ ఆటకి వారం ముందునుంచీ దీన్ని దిండుకింద పెట్టుకు పడుకున్నానండీ. ఆ అంకెలు మర్చిపోతానా? నాన్న గేటు దగ్గర అమ్మేసి బారుకి పోయాడు. స్కూల్లో మాత్రం చూశానని చెప్పా. ఆ అబద్ధానికే పెద్దయ్యాక ఆ గోడమీది టిక్కెట్టు అచ్చు వేయించా. దీన్ని తగలబెడదామనే తీశా... చేతులు రాలేదు."

కొట్టడానికి లేచిన వర్జిల్ సగంలో ఆగిపోయాడు. "మరి నీ తలమీంచి పోయిన ఆ బంతి?"

"బయట గోడకి చెవి ఆనించి నించున్నా. లోపల జనం ఒక్కసారి హోరెత్తారు. ఎందుకో మర్నాడు పేపర్లో చదివా."

దొంగ దొరికినా క్లైడ్‌కి చిరాకు తగ్గలేదు. ఎవరిమీదో మాత్రం తెలియలేదు.

వర్జిల్ ముక్కని ఆల్బంలో దూర్చి, చంకలో పెట్టుకుని గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఆదివారాలు ఇంట్లోనే ఉంటా. వచ్చి చూసుకో," అన్నాడు కటువుగా. "చెయ్యి మాత్రం వేశావో, చూడు!"