కర్త లేని వాక్యం

"చెప్పు. ఒకటోది ఏంటి?"

ఆదివారం మధ్యాహ్నం. తిన్న కంచాలు ఇంకా తియ్యనేలేదు. ఇస్త్రీ బట్టల అడుగున ఆమె దాచుకున్న నోటుపుస్తకం అతని చేతిలో ఉంది. గోడకి వీపు ఆనించి నిలబడింది ఆమె. పదేళ్ళ కూతురు మంచం కోడు పట్టుకుని, ఏడవాలో వద్దో తెలియక తండ్రి చేతినే చూస్తోంది... అతను గొంతు పెంచలేదు. పదకొండేళ్ళ కాపురంలో ఆమె నేర్చుకున్నదేమిటంటే, అతను అరిచిన రోజు ఒకటి రెండు దెబ్బలతో పోతుంది. మెల్లగా మాట్లాడిన రోజే ప్రాణం మీదికొస్తుంది.

"నౌన్," అంది.

"రెండోది?"

"ప్రోనౌన్."

"ఊఁ. కానీ."

వెర్బ్ అంది. అడ్జెక్టివ్ అంది. ఒక్కోటి చెబుతున్న కొద్దీ అతని దవడ బిగుసుకుంటోంది. తప్పు చెబితే కొట్టాలని చూస్తున్నాడు, చెబుతున్నవన్నీ ఒప్పులే అవుతున్నాయి. అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్... ఎనిమిది భాషాభాగాల్లో ఏడు అయ్యాయి. ఎనిమిదోది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. రాత్రి పడుకునే ముందు కూడా వల్లె వేసుకున్న మాటే! అతని కళ్ళు చూస్తుంటే మనసులోంచి తుడిచేసినట్టు పోయింది.

చెంప మీద పడిన దెబ్బకి తల గోడకి కొట్టుకుంది. "అబ్బా" అంది ఆమె, తనకి తెలియకుండానే.

అతను నవ్వాడు. "అదే. ఇంటర్‌జెక్షన్ అంటే అదే. బాధొచ్చినప్పుడు అనే మాట. ఇంకెప్పుడూ మర్చిపోవు." అని, నోటుపుస్తకాన్ని నిలువుగా చింపాడు, మళ్ళీ అడ్డంగా చింపాడు. ఆమె జుట్టు పట్టుకుని కిందికి వంచి, ఆ ముక్కలన్నీ ఏరించాడు. ఏరుతున్న వేళ్ళ మీద కాలు పెట్టి నిలబడ్డాడు కాసేపు. తర్వాత చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వెనక గది గుమ్మంలో అతని తల్లి నిలబడి ఉంది. వీధంతా టీచరమ్మ అని పిలిచే మనిషి. బడిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైంది. కొడుకు కోడల్ని కొడుతున్నప్పుడు ఇన్నేళ్ళూ ఆవిడ తన గది తలుపు దగ్గరికి వేసుకునేది. ఈసారి వెయ్యలేదు. ఇంటర్‌జెక్షన్ గురించి కొడుకన్న ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా, ఒకప్పుడు తను వాడితో అన్నదే...

అసలీ చదువు మొదలైంది ఆస్పత్రి లాండ్రీలో. ఆమె తొమ్మిదేళ్ళుగా అక్కడ పనిచేస్తోంది. రక్తం మరకల దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు, దిండు గలీబులు, తెల్లారింది మొదలు మరిగే నీళ్ళ ఆవిరిలో ఉతకడం, పిండడం, ఆరబెట్టడం, మడతలు పెట్టడం. లాండ్రీ పెద్దావిడ ఆ ఏడాది రిటైరవుతోంది. ఆవిడ కుర్చీలోకి ఉన్నవాళ్ళలోంచే ఒకర్ని తీసుకుంటామన్నారు, కాకపోతే ఏ వార్డుకి ఏం వెళ్ళింది, ఏది చిరిగింది, ఏ మెషిను ఆగింది అని రోజూ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసివ్వగలగాలి, దానికో పరీక్ష పెడతామన్నారు. ఆమెకి అక్షరాలు వచ్చు, వాక్యం రాదు. భర్తని అడిగే ధైర్యం లేదు. బస్సుల డిపోలో మెకానిక్ అతను. ఇంగ్లీషు పేపరు పొట్లంగా వచ్చినా ఇంట్లోకి రానివ్వడు. ఎందుకో ఆమెకి తెలీదు.

చివరికి అత్తగారినే అడిగింది. ఆవిడ లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసొచ్చింది. తర్వాత, చెబుతాను గానీ మా వాడికి తెలియకూడదు అంది. అతను డిపోకి వెళ్ళాక, ఆమె డ్యూటీకి బయల్దేరే లోపు, గంట దొరికేది. పెరట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చునేవాళ్ళు. టీచరమ్మ లాండ్రీ సామానుతోనే పాఠం చెప్పింది. దుప్పటి నౌన్, తెల్ల దుప్పటి అన్నప్పుడు తెల్ల అన్నది అడ్జెక్టివ్, ఉతకడం వెర్బ్, గబగబా ఉతకడంలో గబగబా అడ్వెర్బ్. ఒకరోజు ఆమెకే నవ్వొచ్చి, "అత్తయ్యా, ఇంతకీ నేను నౌన్‌నా, వెర్బ్‌నా?" అని అడిగితే, "పొద్దున్నించీ ఒక్క నిమిషం కూర్చోవు, వెర్బ్‌వి కాక ఇంకేంటి" అంది ఆవిడ. పదకొండేళ్ళలో అత్తాకోడళ్ళు కలిసి నవ్వింది అదే మొదటిసారి!

వాక్యాల దగ్గరికొచ్చాక మాత్రం ఒక చోట పాఠం ఆగిపోయింది. నిన్న ఇంట్లో జరిగింది ఒక వాక్యంలో రాయమంటే ఆమె 'ద ప్లేట్ బ్రోక్' అని రాసింది. తప్పేం కాదు, కంచం పగిలింది అని అర్థం వస్తుంది అంది టీచరమ్మ. అలవాటు కొద్దీ అడిగింది, "దానంతట అదే పగిలిందా? ఎవరో పగలగొడితే ఆ పేరు ముందు పెట్టాలి. చేసినవాళ్ళు ముందు, చేసింది తర్వాత, ఎవరికి చేశారో ఆ తర్వాత." ఆమె పెన్నుకి మూత పెట్టేసింది. ఆ పింగాణీ కంచం ఎవరు విసిరారో ఇద్దరికీ తెలుసు. టీచరమ్మ మొహం తిప్పుకుని, ఇవాళ్టికి చాలు అంది.

ఆ వాక్యాలన్నీ రాసుకున్న నోటుపుస్తకమే ఆ ఆదివారం ముక్కలైంది.

ఆ సాయంత్రం టీచరమ్మ తడిగుడ్డ తెచ్చి కోడలి వేళ్ళకి చుట్టింది. చుడుతూ చుడుతూ, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. తన క్లాసులోనే తన కొడుకు కూడా చదివాడట. టీచరు కొడుక్కే రాకపోతే మిగతా పిల్లలు నవ్వుతారని, అందరికంటే వాడినే ఎక్కువ కొట్టేదట. ఎనిమిదీ వరసగా చెప్పించేది, తప్పిన దానికల్లా వేళ్ళ కణుపుల మీద దెబ్బ. వాడు అబ్బా అంటే, అదే ఇంటర్‌జెక్షన్ అని క్లాసంతా నవ్వించేది. ఒకరోజు దెబ్బ గట్టిగా తగిలి చిటికెన వేలు విరిగింది.

"డాక్టరు అడిగితే ఆడుకుంటూ పడ్డాడని చెప్పాను," అంది ఆవిడ. "వాడు నా మొహంలోకి చూశాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు. నేను చెప్పిందే వాడూ చెప్పాడు. ఆ రోజు నుంచి నాతో మనసు విప్పి మాట్లాడలేదమ్మా."

ఆమెకి జాలి కలిగింది... భర్త చేతికున్న వంకర చిటికెన వేలు గుర్తొచ్చి ఎనిమిదేళ్ళ ఆ పిల్లాడి మీద కూడా కలిగింది. మరుక్షణమే చెంప భగ్గుమని మండింది. తన కూతురు మంచం కోడు వదలకుండా నిలబడ్డ తీరు కళ్ళముందుకొచ్చింది. జాలి ఉన్నంతమాత్రాన భయం తగ్గుతుందా?

చదువు అక్కడితో ఆగిపోయిందనే అనుకుంది. కానీ నాలుగో రోజు పొద్దున్న టీచరమ్మే బొగ్గుముక్క పట్టుకుని పెరట్లోకొచ్చి కూర్చుంది. పరీక్షకి ఇంకా మూడు వారాలుందిగా, నేల మీద రాసుకుందాం, నీళ్ళు కొడితే పోతుంది అంది. అలా సిమెంటు గచ్చు మీద రాయడం, కడగడం, మళ్ళీ రాయడం. ఆమె ఒక్క తప్పు లేకుండా మొదటిసారి నాలుగు వాక్యాలు రాసిన రోజున టీచరమ్మ మొహం వెలిగిపోయింది. కోడలి భుజం తట్టి, "శభాష్" అంది.

"నన్నెప్పుడైనా అన్నావా ఆ మాట?"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. డిపో గుర్తింపు కార్డు మర్చిపోయి వెనక్కొచ్చిన అతను పెరటి గుమ్మంలో ఉన్నాడు. గచ్చు మీద అక్షరాల వంక చూడలేదు. భార్య భుజం మీదున్న తల్లి చేతినే చూస్తున్నాడు. "నలభై ఏళ్ళొచ్చాయి నాకు. ఒక్కసారన్నా అన్నావా?" అన్నాడు మళ్ళీ. గొంతు పెంచలేదు.

తల్లి నోరు తెరిచేలోపే అతను భార్య కుడిచేతి మణికట్టు పట్టుకుని ఈడ్చాడు. ఆమె కాళ్ళు గచ్చు మీద జారాయి. బొగ్గు రాతలన్నీ చీరకంటుకున్నాయి. పెరటి తలుపు ఇనప రేకుది. ఆ తలుపు సందులో ఆమె అరచెయ్యి పెట్టి, భుజంతో మూశాడు. ఒకసారి. టీచరమ్మ వచ్చి అతని వీపు మీద పిడికిళ్ళతో కొట్టింది, చొక్కా పట్టి లాగింది. మోచేత్తో తోసేస్తే ఉతికే బండకి తగిలి పడిపోయింది. అతను తలుపు తెరిచి రెండోసారి మూశాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడయింది... ఆమె అరవలేదు. అరిస్తే దానికీ ఒక పేరు పెట్టి నవ్వుతాడని పళ్ళు బిగబట్టి, పెదవి కొరుక్కుని, నోటినిండా నెత్తురుతో అలాగే కూలబడింది.

చప్పుడుకి పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. అతను తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకుని, కార్డు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

టీచరమ్మ మోకాలు చీరుకుపోయి కుంటుతూనే కోడల్ని ఆటో ఎక్కించింది. ఆమె ఉతికే దుప్పట్లు పరిచే ఆస్పత్రే. అత్యవసర విభాగంలో ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి వీళ్ళ భాష రాదు. ఎప్పుడూ ఆయానే మధ్యలో నిలబడి చెబుతుంది. మంచిదే పాపం, ఇంటి గుట్టు కాపాడుతున్నాననుకుంటుంది. కిందటేడు కనుబొమ చిట్లినప్పుడు మెట్ల మీద పడిందంది, అంతకుముందు పక్కటెముక నొప్పికి వస్తే బాత్రూంలో జారిందంది. అప్పుడంతా ఆమె తల వంచుకుని ఊరుకుంది. ఇప్పుడూ డాక్టరమ్మ అడగ్గానే ఆయా మొదలుపెట్టింది. తలుపు పడింది, చెయ్యి విరిగింది అని చెబుతోందని ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోనే ఆమెకి అర్థమైంది. మొదటిసారి అర్థమైంది! తన గురించి తన ఎదురుగా ఇన్నాళ్ళూ ఏం చెప్పారో...

ఎడమ చెయ్యెత్తి ఆయాని ఆపింది. అత్తగారి వైపు చూసింది. అతని కన్నతల్లి ఆవిడ. ఆ మాట బయటికొస్తే పోయేది ఆవిడ బిడ్డే. టీచరమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. కానీ తల అడ్డంగా ఊపలేదు. "చేసినవాళ్ళు ముందు," అంది, వినీ వినపడనట్టు.

"మై హస్బెండ్," అంది ఆమె. ఊపిరి తీసుకుంది. "మై హస్బెండ్ బ్రోక్ మై హ్యాండ్."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. అప్పటిదాకా రాసింది కొట్టేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పమంది. ఆమె చెప్పింది. తప్పులతో చెప్పింది, కాలాలు కలిపేసింది, అక్కడక్కడా మాట దొరక్క చెయ్యి చూపించింది. ఎవరు చేశారన్నది మాత్రం ఎక్కడా వదల్లేదు. పోలీసాయన వచ్చి సాక్ష్యం ఎవరన్నా ఉన్నారా అని అడిగినప్పుడు, బల్ల మీద కూర్చున్న టీచరమ్మ లేచింది. వాడి తల్లిని, నా కళ్ళతో చూశానని చెప్పి, రాసిన కాగితం తనే చదువుకుని, ఒక అక్షరదోషం దిద్ది మరీ సంతకం పెట్టింది.

ఆ సాయంత్రమే అతన్ని డిపోలో పట్టుకున్నారు. రెండో రోజు టీచరమ్మ స్టేషన్‌కి వెళ్ళొచ్చింది. అక్కడేం జరిగిందో కోడలికి ఆవిడే చెప్పింది. నీ వేలు విరిచింది నేను, ఆడుకుంటూ పడ్డావని అబద్ధం చెప్పించింది నేను, నన్ను క్షమించరా అని కటకటాల ముందు కొడుకు చేతులు పట్టుకుందట. అతను చాలాసేపు ఏడ్చాడట. ఏడ్చి ఏడ్చి, అయితే సాక్ష్యం మార్చుకో అమ్మా, తలుపు గాలికి పడిందని చెప్పు, చిన్నప్పుడు నన్ను కొట్టినదానికి ఇది చెల్లు అన్నాడట.

"మరి మీరేమన్నారు?" అని అడిగింది ఆమె.

"ఒకసారి అబద్ధం చెప్పి నిన్నిలా చేశాన్రా, రెండోసారి చెప్పనన్నాను. చేతులు లాగేసుకున్నాడు." ఆవిడ చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నేను పొయ్యేలోపు మళ్ళీ ఆ చేతులు పట్టుకోనిస్తాడో లేదో."

పరీక్ష రోజుకి కట్టు ఇంకా విప్పలేదు. ఎడమచేత్తో రాస్తే సగం కూడా పూర్తి కాలేదు. ఆ కుర్చీ వేరే ఆవిడకి వెళ్ళింది. ఆమె మళ్ళీ ఆవిరి గదిలోకే వెళ్ళింది, మూడు వేళ్ళు సరిగా ముడుచుకోని చేత్తో. మరుసటి ఏడు ఆ కొత్తావిడ బదిలీ అయితే మళ్ళీ రాసింది. ఈసారి వచ్చింది.

అప్పటికి కేసు కూడా తేలింది. తీర్పు రోజున అత్తాకోడళ్ళిద్దరూ కోర్టుకి వెళ్ళారు. రెండేళ్ళ శిక్ష పడింది. వ్యాను ఎక్కుతూ అతను ఒక్కసారి వెనక్కి తిరిగాడు. ఎవర్ని చూశాడో తెలియలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా టీచరమ్మ కళ్ళార్పలేదు. తర్వాత కోర్టు మెట్ల మీద, జనం దాటుకుని పోతున్నా పట్టించుకోకుండా, అలాగే కూర్చుండిపోయింది. ఏడాదిలో ఆవిడ పదేళ్ళ ముసలిదైపోయింది.

ఆమెకి గుండె కరిగి నీరైంది. ఈవిడ తనకోసం ఏం పోగొట్టుకుందో తనకి తప్ప ఎవరికి తెలుసు! పక్కన కూర్చుని, సరిగా మూసుకోని తన చెయ్యి ఆవిడ వీపు చుట్టూ వేసింది. "మీకు నేనున్నానండీ. ఇవాళ్టి నుంచి మిమ్మల్ని అమ్మా అని పిలుస్తాను," అంది.

టీచరమ్మ తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా. అమ్మగా నేనేం చేశానో చూశావుగా," అంది. "అత్తయ్యా అనే పిలువు. అదన్నా సరిగా చేస్తాను."

ఎండ మెట్ల మీదికి పాకుతోంది. బడి వదిలే వేళవుతోంది, పాపని తీసుకురావాలి.

"లేవండి అత్తయ్యా," అంది, చెయ్యి అందిస్తూ. "పాప ఎదురుచూస్తుంటుంది."