భుజం మీద చెయ్యి

ఆదివారం వచ్చిందంటే ముందుగది నర్సమ్మది కాకుండా పోతుంది. పొద్దున్న తొమ్మిదయ్యేసరికి గుమ్మం బయట పది జతల చెప్పులు, లోపల పది కుర్చీలు, వంటింట్లో పది కప్పుల టీ. కుర్చీలు మోసేది తను, టీ కాచేది తను, ఆఖరికి కప్పులు కడిగేదీ తనే. ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సు ఉద్యోగం వెలగబెట్టి రిటైరయింది ఇందుకా? వీధిలో అందరూ ఆవిణ్ణి ఇప్పటికీ గౌరవంగా నర్సమ్మగారూ అనే పిలుస్తారు. కూతురు మాత్రం, "అమ్మా, ఇంకో రెండు కుర్చీలు" అని పిలుస్తుంది.

కూతురు స్కూల్లో పంతులమ్మ. వారమంతా పిల్లల దగ్గర గొంతు చించుకున్నది చాలక, ఆదివారం పెద్దవాళ్లకి కథలు రాయడం నేర్పుతుంది. పద్ధతి ఒకటే. ఒక పాత ఫోటో చేతిలో పెట్టి, "ఇందులో కనిపించేది చూడండి, కనిపించనిది రాయండి" అంటుంది. ఫోటోలకి ఆ ఇంట్లో కరువేం లేదు. తండ్రి నలభై ఏళ్లు స్టూడియో నడిపాడు. జనం తీయించుకుని పట్టుకెళ్లకుండా వదిలేసినవే నాలుగు పెట్టెలున్నాయి.

అంతవరకూ అయితే నర్సమ్మ ఎలాగో సర్దుకుపోయేది. ఒళ్లు మండేది వేరే దగ్గర. కొత్త బ్యాచి మొదలైనప్పుడల్లా పంతులమ్మ గోడ మీది ఫోటో దింపి, దాన్ని చూసి తను రాసిన 'భుజం మీద చెయ్యి' చదివి వినిపిస్తుంది. అది తన అయిదో పుట్టినరోజు ఫోటో. బుట్టచేతుల గౌనులో తను, ఒకపక్క నానమ్మ, ఇంకోపక్క తన భుజం మీద చెయ్యేసి అమ్మ, అమ్మకి అటువైపు మేనత్త. "ఆ రోజు అమ్మ చెయ్యి వెచ్చగా ఉంది. సబ్బు వాసన వేసింది. ఆ బరువు ఇప్పటికీ నా భుజం మీద ఉంది" అని మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు నర్సమ్మ వంటింటి గోడకి చేరబడి ఏడ్చింది. ఎనిమిదోసారికి గిన్నెలు దడదడలాడించింది.

ఎందుకంటే ఆ రోజు ఆవిడ అక్కడ లేదు. మొగుణ్ణీ, నాలుగేళ్లు దాటిన పిల్లనీ వదిలేసి వేరే ఊరు వెళ్లిపోయింది. అక్కడో ఆస్పత్రిలో ఉద్యోగం, హాస్టల్లో ఒక మంచం. మొత్తం ఎనిమిది నెలలు. తిరిగొచ్చాక భర్త ఆవిణ్ణి ఆ ఫోటోలో అతికించాడు. అది ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. బ్లేడుతో మనిషిని కత్తిరించి, అతికించి, అంచులకి కుంచెతో రంగు పూసి మళ్లీ ఫోటో తీస్తే బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు. పోయినవాళ్లనీ, దూరాన ఉన్నవాళ్లనీ ఎంతమందినో అలా కుటుంబాల్లో కలిపాడు. సంగతి తెలిసిన అత్తగారూ ఆడబిడ్డా పోయారు. ఇక మిగిలింది మొగుడూ పెళ్లాలే.

ఇప్పుడా రచన పుస్తకంగా వస్తోంది. అట్ట మీద అదే ఫోటో. రేపు సోమవారం ప్రెస్సుకి వెళ్లాలి.

"ఆ ఫోటో అట్ట మీద వద్దని వారం నుంచీ మొత్తుకుంటున్నానా లేదా?" అంది నర్సమ్మ, కుర్చీ ఒకటి ఠపీమని నేలకేసి దింపుతూ.

"ఎందుకు వద్దో చెప్పమని నేనూ వారం నుంచీ మొత్తుకుంటున్నాను."

"నా మొహం ఊరంతా చూడక్కర్లేదు."

"ముప్ఫై ఏళ్లు ఊరంతా చూసిన మొహమేగా! సూది పట్టుకుని ఎదురొచ్చే మొహాన్ని ఎవడు మర్చిపోతాడు?"

"వెటకారమా?"

"కాదమ్మా, విసుగు. సాయంత్రంలోగా సరైన కారణం ఒక్కటి చెప్పు, మార్చేస్తాను. లేదా ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు."

నర్సమ్మ కిటికీ దగ్గర పేపర్లో గళ్లనుడికట్టు నింపుకుంటున్న భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మీరైనా చెప్పరేం?"

"ఊఁ" అన్నాడాయన. అంతే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఆ మనిషి పెళ్లినాటి నుంచీ ఇంతే. నర్సమ్మకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే కూతురు మళ్లీ అమ్మా అని పిలుస్తుందో లేదో తెలియదు. చెప్పకపోతే అబద్ధం వెయ్యి కాపీలు అచ్చవుతుంది.

క్లాసు మొదలైంది. పంతులమ్మ తొమ్మిదోసారి ఆ రచన చదివింది. తర్వాత ఆ ఫోటో అందరి చేతులూ మారింది. "నా కథ విన్నారు. ఇదే ఫోటోకి ఇప్పుడు మీ కథ రాయండి" అంది. అరగంటపాటు పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నర్సమ్మ టీ ట్రేతో గుమ్మం దగ్గరకి వచ్చేసరికి, వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ లేచి నిలబడి ఉంది. ఆమె క్లాసుకి రావడం అదే మొదలు.

"టీచరుగారూ, ఒక మాట అంటే తప్పనుకోరుగా?"

"అనండి, అనండి."

"బుట్టచేతులు కుట్టే నేను బతుకుతున్నాను. కుచ్చు పోసి, లోపల గాలి నిలబెడతాం. దాని మీద ఈగ వాలినా సొట్ట పడుతుంది. ఇక్కడ అమ్మగారు అరచెయ్యి మొత్తం వేశారు. బుట్ట చెక్కుచెదరలేదండీ."

"గంజి గట్టిగా పెట్టారేమోనమ్మా" అన్నాడు రిటైరైన పోస్ట్‌మాన్. అందరూ నవ్వారు.

"గంజి పెడితే ముడత ఇంకా బాగా తెలుస్తుంది బాబాయ్. కనిపించనిది రాయమన్నారుగా? నాకు కనిపించనిది ఆ ముడతే. అందుకని, ఆ అమ్మ అక్కడ లేదని రాశాను."

పంతులమ్మ కూడా నవ్వబోయి, ఫోటోని కళ్లజోడు దగ్గరకి తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. తండ్రి చేసే పని చిన్నప్పటి నుంచీ చూసిన పిల్ల, ఇంక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తలెత్తి గుమ్మం వైపు చూసేసరికి నర్సమ్మ చూపు తిప్పేసుకుంది. "ఇవాళ్టికి చాలు. అందరూ వచ్చే ఆదివారం రండి" అంది పంతులమ్మ. టీ తాగకుండానే అందరూ వెళ్లిపోయారు.

"నాన్నా, ఇది నీ పనేనా?"

ఆయన పెన్సిలు పక్కన పెట్టాడు. "ముప్ఫై అయిదేళ్లు ఎవరూ పట్టుకోలేదు. నువ్వు టైలర్ని తీసుకొస్తావని నాకేం తెలుసు?"

"జోకులా నాన్నా ఇప్పుడు?"

"ఆయన్నేమీ అనకు" అంది నర్సమ్మ. ట్రే కింద పెట్టింది. "నేను వెళ్లిపోయాను. నీకు నాలుగు దాటి నాలుగు నెలలు. అయిదో పుట్టినరోజుకి నేను ఇంట్లో లేను."

"వెళ్లిపోవడమంటే?"

"వెళ్లిపోవడమే. ఆస్పత్రిలో డ్యూటీ, ఇంటికొస్తే వంట, నువ్వు, స్టూడియోకి వచ్చేవాళ్లకి టీలు, మీ నానమ్మ సణుగుడు. ఈయనతో చెప్పుకుంటే గోడకి చెప్పుకున్నట్టే. ఊపిరాడలేదు నాకు. ఒకరోజు డ్యూటీ దిగి, ఇంటికొచ్చే బస్సు ఎక్కాల్సినదాన్ని పక్క బస్సు ఎక్కాను. ఎనిమిది నెలలు రాలేదు. వచ్చాక, పిల్లకి ఈ వెలితి ఉండకూడదని ఈయన నన్ను స్టూడియోలో నిలబెట్టారు. కుర్చీ వీపు మీద చెయ్యేశాను. కుర్చీ తీసేసి, దాని బదులు నిన్ను పెట్టారు."

పంతులమ్మ ఫోటోలోని ఆ చెయ్యి మీద వేలు పెట్టింది. "మరి సబ్బు వాసన? ఆ వేడి? నాకు గుర్తున్నదంతా?"

"ఫోటో చూసి చూసి అల్లుకున్నావు తల్లీ. బాగానే రాశావు."

"బాగానే రాశానా!" ఆమె గొంతు ఇల్లెగిరిపోయేలా లేచింది. "తొమ్మిది బ్యాచిలకి చదివాను. నువ్వు అక్కడ వంటింట్లో నిలబడి విన్నావు. ఒక్కసారైనా ఆపుదామనిపించలేదా?"

"తొమ్మిదిసార్లూ అనిపించింది."

"ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. ఈ ఫోటో ఒక్కటి పట్టుకుని, మా అమ్మ నన్ను ఎప్పుడూ వదల్లేదని లోకమంతా చెప్పుకు తిరిగాను. అసలు నన్ను వదిలేసి వెళ్లిన మనిషివి నువ్వు!"

ఆ మాటతో నర్సమ్మకి ఇన్నేళ్లుగా దిగమింగినదంతా ఒక్కసారి పైకొచ్చింది. "అవును, వదిలేశాను! తప్పు చేశాను. వెళ్లినదాన్ని వెళ్లినట్టే ఉండిపోవచ్చు, తిరిగొచ్చాను కదే! వెళ్లావని అంటున్నావు గానీ, ఎందుకొచ్చావని అడగవేం?"

విసవిసా లోపలికి వెళ్లి, తన నర్సింగ్ సర్టిఫికెట్ల ఫైలు తెచ్చి, అడుగు నుంచి ఒక ఫోటో లాగి బల్ల మీద పడేసింది. అదే పుట్టినరోజు, అదే గౌను, అదే నానమ్మ. కానీ అందులో నర్సమ్మ లేదు. పిల్లకీ మేనత్తకీ నడుమ మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. వెనకాల వెల్లవేసిన గోడ కనిపిస్తోంది.

"మీ నాన్న హాస్టలుకి పోస్టులో పంపారు. వెనక తారీఖు తప్ప ఒక్క అక్షరం లేదు. తిట్టలేదు, రమ్మనలేదు. నా కోసం చోటు వదిలి ఫోటో తీశారు, చూడు. ఆ ఖాళీ చూసి మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఈయన నోరు విప్పకపోయినా ఇన్నేళ్లు కాపురం చేశానంటే, ఆ ఖాళీ చూసుకునే."

కిటికీ దగ్గర్నుంచి ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను వదల్లేదు."

"ఏంటీ?"

"ఆ చోటు నేను వదల్లేదు. మధ్యలో అంత ఖాళీ ఉంటే ఫోటో పాడవుతుంది. దగ్గరగా జరగమన్నాను. చెల్లాయి జరగబోయింది. పిల్ల తోసేసింది. 'ఇక్కడ అమ్మ నుంచుంటుంది' అంది. మూడుసార్లు చెప్పాను. ఏడుపు లంకించుకుంది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు, ఎవర్నీ కదలనివ్వలేదు. వెలుతురు పోతోందని అలాగే తీసేశాను."

ఆయన ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడటం పెళ్లయ్యాక నర్సమ్మ వినడం అదే మొదటిసారి. "మరి ఇన్నేళ్లూ చెప్పరేం?"

"వచ్చిన రోజే, చోటు వదిలారని వచ్చానన్నావు. కాదంటే మళ్లీ వెళ్లిపోతావేమోనని భయమేసింది."

పంతులమ్మ ఆ ఫోటోని రెండు చేతుల్లోకీ తీసుకుంది. అందులో పిల్ల కెమెరా వైపు చూడటం లేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఒక చెయ్యి మేనత్తని ఆపడానికి ఇంకా చాచే ఉంది. గోడ మీది ఫోటోలో ఆ కళ్లని తండ్రి కుంచెతో దిద్దేశాడు, ఆ చేతిని అమ్మ చీర కింద దాచేశాడు. "నాకేం గుర్తు లేదు" అందామె నెమ్మదిగా. "ఒక్క ముక్క కూడా గుర్తు లేదమ్మా. జరగనిదంతా గుర్తుంది గానీ, ఇది లేదు." ఫోటో బల్ల మీద పెట్టి, "రేపు ప్రెస్సుకి పంపను. మళ్లీ రాసుకోవాలి" అంది.

నర్సమ్మ కుర్చీలో కూలబడింది. ఫోటో చూసి లేనిది ఊహించుకుందని ఇన్నాళ్లూ కూతురి మీద విసుక్కుంది. తను చేసిందీ అదేగా. ఒక ఖాళీ చూసింది, అది మొగుడి మనసనుకుంది, దాన్నే నమ్ముకుని ముసలిదైపోయింది. ఏడుస్తూ తన కోసం చోటు కాపలా కాసిన అయిదేళ్ల పిల్లకి ఒక్కనాడూ ఒక్క మంచి మాట చెప్పలేదు. పైగా ఆ పిల్ల అమ్మ గురించి చదువుతుంటే గిన్నెలు మోగించింది. ఎన్ని చావులు చూసినా చెమ్మగిల్లని ఆ కళ్లు ఇప్పుడు ఆగమన్నా ఆగలేదు.

"నన్ను పిలిచింది నువ్వా తల్లీ?" అంది.

పంతులమ్మ వచ్చి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. నలభై ఏళ్ల మనిషి, చిన్నపిల్ల గొంతుతో అడిగింది. "నేను లేకుండా అన్ని రోజులు ఎలా ఉన్నావమ్మా?"

నర్సమ్మ అబద్ధం చెప్పదలచుకోలేదు.

"బాగానే ఉన్నాననుకున్నాను" అంది, కూతురి తల ఒళ్లోకి లాక్కుంటూ. "నువ్వు ఏడుస్తున్న ఈ మొహం చూసేదాకా."